కంచె దాటాక పని ఇచ్చేదెవరు?



ఈ ఊరి డిగ్రీ కాలేజీలో రెండు తరాలకు రాజనీతిశాస్త్రం చెప్పిన మాష్టారు ఏ చట్టం గురించి వాదన లేచినా ముందు దాని పాఠం చదవమనేవారు. చదివాక మూడు ప్రశ్నలు వేసేవారు. దీన్ని కోరిందెవరు? ఓటేసిందెవరు? అమలు కాకుండా చూసిందెవరు? మొదటి రెంటికీ జవాబు లైబ్రరీలో దొరికేది. మూడో దానికి జవాబు చెప్పబోతే మాకు చెమటలు పట్టేవి. ఆయన పేరిట మాట్లాడమని నిర్వాహకులు అడిగినప్పుడు, ఆ మూడో ప్రశ్నకు బాగా పని పెట్టే విషయం కోసం వెతికాను. అమెరికాలో అక్రమ వలసల మీదా, సరిహద్దు కాపలా మీదా అక్కడి సంప్రదాయవాదులు నలభై ఏళ్లకు పైగా నడుపుతున్న ఉద్యమం గుర్తొచ్చింది. మన జిల్లా సంగతులుండగా అమెరికా ఎందుకని ఎవరూ అడగలేదు. ఈ హాల్లో కొడుకో, కూతురో, మేనల్లుడో అక్కడ లేని ఇల్లు ఎన్ని ఉంటాయి?

మన పత్రికలు చదివితే ఈ ఉద్యమం డొనాల్డ్ ట్రంప్‌తోనే పుట్టిందనిపిస్తుంది. 2015 జూన్‌లో ఆయన పోటీకి దిగేనాటికి దానికి మూడు దశాబ్దాలు దాటాయి. అంతకాలం దాన్ని మోసినవాళ్లలో ఒక కంటి డాక్టరు, ఒక మాజీ విలేకరి, రిటైరైన అకౌంటెంట్లు, పశువుల రైతులు, రేడియో వ్యాఖ్యాతలు, సాయంత్రం పూట ఇంట్లో కూర్చుని సెనేటర్లకు ఫోన్లు చేసిన లక్షల మంది మామూలు జనం ఉన్నారు.

నా అభిప్రాయం ముందే చెబుతాను. వాళ్ల ఫిర్యాదులో న్యాయం ఉంది. తమ దేశంలోకి ఎవరు రావాలో నిర్ణయించుకునే హక్కు ఏ ప్రజలకైనా ఉంటుంది. రాసుకున్న చట్టాన్ని అమలు చేయమని అడిగినంత మాత్రాన ఎవరూ ద్వేషులైపోరు. అయితే ఆ ఫిర్యాదుకు అసలు కారకుడైన మనిషి జోలికి ఈ ఉద్యమం గట్టిగా వెళ్లలేకపోయింది. వెళ్లబోయినప్పుడల్లా సొంత పార్టీయే అడ్డం నిలిచింది. ఆ మనిషి సరిహద్దు అవతల లేడు. అమెరికాలోనే ఉన్నాడు, పని ఇచ్చి జీతం చేతిలో పెడుతున్నాడు.

1986 నవంబర్ 6న రొనాల్డ్ రీగన్ ఒక వలస చట్టం మీద సంతకం చేశారు. వయోమింగ్ రిపబ్లికన్ సెనేటర్ అలన్ సింప్సన్, కెంటకీ డెమొక్రాట్ ప్రతినిధి రొమానో మజోలీ ఏళ్ల తరబడి పట్టు విడవకుండా తెచ్చిన బిల్లు అది. లోపల ఒక బేరం ఉంది. 1982 జనవరి 1కి ముందు నుంచి కాగితాల్లేకుండా ఉంటున్నవాళ్లకు చట్టబద్ధమైన నివాసం ఇస్తారు. పొలాల్లో పనిచేసే కూలీలకు విడిగా మరో దారి తెరుస్తారు. దానికి బదులుగా, కాగితాల్లేనివాళ్లను తెలిసి పనిలో పెట్టుకునే యజమానికి దేశమంతటా శిక్ష ఉంటుంది. ఇదివరకు వచ్చినవాళ్లను మన్నిద్దాం, ఇకమీదట వచ్చేవాళ్లకు పని దొరక్కుండా చేద్దాం అన్నది ఒప్పందం.

మొదటి సగం అక్షరాలా అమలైంది. సుమారు 27 లక్షల మందికి కాగితాలు వచ్చాయి. రెండో సగం దగ్గర చట్టం తనంతట తానే సందు వదిలింది. పనిలో చేరేవాడు చూపించిన గుర్తింపు కాగితం పైకి అసలుదానిలా కనిపిస్తే చాలు, యజమాని ఐ-9 అనే ఫారం నింపి ఫైల్లో పెట్టుకోవచ్చు. అది అసలుదో కాదో కనుక్కునే బాధ్యత ఆయనకు లేదు. లాస్ ఏంజెలెస్‌లో మెకార్థర్ పార్కు చుట్టుపక్కల నకిలీ సోషల్ సెక్యూరిటీ కార్డులు బేరమాడి కొనుక్కునే రోజులవి. యజమానికి తెలుసునని కోర్టులో నిరూపించాల్సిన భారం ప్రభుత్వానిది. ఇంకొంచెం తెలివైన కంపెనీలు కూలీలను నేరుగా పెట్టుకోవడమే మానేసి మేస్త్రీల చేతికి అప్పగించాయి. రేపు ఎవరైనా వచ్చి అడిగితే, వాళ్లు మా మనుషులు కారు, మేస్త్రీ మనుషులు అని చెప్పొచ్చు. మేస్త్రీ వ్యవస్థ గురించి మన ప్రాంతంలో నేను ప్రత్యేకంగా వివరించనక్కర్లేదు.

ఫలితం లెక్కల్లో కనిపించింది. ప్యూ పరిశోధన సంస్థ అంచనా ప్రకారం 1990లో కాగితాల్లేనివాళ్లు 35 లక్షలు. 2007 నాటికి 1.22 కోట్లు. ఇరవై ఏళ్లలో ప్రభుత్వం మాట తప్పిందని సామాన్యుడికి అర్థమైంది. ఆ తర్వాత ఎవరు ఏ సంస్కరణ బిల్లు తెచ్చినా, 'పోయినసారీ ఇలాగే చెప్పారు కదా' అనే ప్రశ్న ఎదురొచ్చింది. సంప్రదాయవాదుల ఉద్యమానికి ఇంధనం ఇదే. జాతి వివక్ష అనే ఒక్క మాటతో దీన్ని కొట్టిపారేసినవాళ్లకు ఈ ఇరవై ఏళ్ల అనుభవం కనబడలేదు.

ఇక్కడ ఒక్క నిమిషం పక్కకు జరగాలి. యజమానిని కట్టడి చేయండి అనే మాట మొదట పలికింది కుడిపక్షం కాదు. కాలిఫోర్నియా పొలాల్లో సమ్మెలు నడిపిన సీజర్ చావెజ్‌కు ఆ సంగతి చేదు అనుభవం మీద తెలుసు. తన యూనియన్ సమ్మె కట్టినప్పుడల్లా భూస్వాములు సరిహద్దు అవతల నుంచి కూలీలను దించి సమ్మె విరగ్గొట్టేవారు. 1974లో ఆయన యూనియనే కాగితాల్లేని కూలీల వివరాలు వలస అధికారులకు అందించే ప్రచారం నడిపింది. ఇరవై ఏళ్ల తర్వాత అదే తర్కాన్ని ఇంకా గౌరవంగా, ఇంకా స్పష్టంగా చెప్పినావిడ బార్బరా జోర్డన్. టెక్సస్‌కు చెందిన నల్లజాతి డెమొక్రాట్ ఆమె. 1974లో నిక్సన్ అభిశంసన విచారణలో చేసిన ప్రసంగంతో దేశమంతా పేరు మోగింది. 1993 నుంచి వలస సంస్కరణల సంఘానికి అధ్యక్షత వహించారు. వలస విధానానికి విలువ ఉందో లేదో తేల్చడానికి ఆమె పెట్టిన కొలత చాలా సూటిగా ఉంటుంది. రావలసినవాళ్లు రాగలగాలి, రాకూడనివాళ్లను ఆపగలగాలి, వెళ్లిపోవాలని తేలినవాళ్లు వెళ్లిపోవాలి. ప్రతి ఉద్యోగి అర్హతనూ కంప్యూటర్ రిజిస్టరులో సరిచూసే పద్ధతి పెట్టాలని ఆ సంఘం 1994లోనే సిఫారసు చేసింది. కంచె కంటే ముందు చూడవలసింది పని దొరికే చోటు అని ఆ నివేదిక గుర్తించింది. 1996 జనవరిలో ఆమె చనిపోయారు. ఆ సిఫారసును మోసేవాళ్లు ఆమె సొంత పార్టీలోనే క్రమంగా కరువయ్యారు. వదిలేసిన జెండాను కుడిపక్షం ఎత్తుకుంది. చాలా వాక్యాలు ఆమెవే వాడుకుంది, ఇప్పటికీ వాడుకుంటోంది.

కుడిపక్షంలో సంస్థలు కట్టినవాడు జాన్ టాంటన్. మిచిగన్‌లో కంటి డాక్టరు, పర్యావరణ ప్రేమికుడు, జనాభా పెరిగితే ప్రకృతికి చేటని నమ్మినవాడు. 1979లో ఫెయిర్ అనే సంస్థను స్థాపించాడు. సెంటర్ ఫర్ ఇమిగ్రేషన్ స్టడీస్ 1985లో మొదలైంది. విలేకరిగా పనిచేసిన రాయ్ బెక్ 1990ల్లో నంబర్స్ యుఎస్ఏ నెలకొల్పాడు. ఇవి చేసిన పని శ్రద్ధగా చూడదగ్గది. లెక్కలు తయారుచేశాయి, కమిటీల ముందు సాక్ష్యం చెప్పాయి, ఓటరుకు తన సెనేటర్ ఏ రోజున ఎటు ఓటేశాడో అందుబాటులో పెట్టాయి. అయితే మొదటి నుంచీ ఇందులో ఒక విషపు చుక్క ఉంది. లాటిన్ అమెరికా నుంచి వచ్చేవాళ్ల సంస్కృతి గురించీ సంతానం గురించీ టాంటన్ రాసిన ఒక అంతర్గత పత్రం 1988లో బయటపడింది. ఇంగ్లిష్‌ను అధికార భాష చేయాలని కోరిన ఆయన మరో సంస్థ నుంచి రీగన్ హయాంలో పనిచేసిన లిండా చావెజ్, టీవీ దిగ్గజం వాల్టర్ క్రాంకైట్ తప్పుకున్నారు. సంఖ్య ఎక్కువైందనే వాదన, మనుషులు నచ్చలేదనే వాదన ఒకే గొంతులో కలిసి వినబడ్డాయి. ఉద్యమం ఆ రెంటినీ పూర్తిగా విడదీసుకున్న రోజు నాకు కనబడలేదు.

1994 నవంబర్‌లో కాలిఫోర్నియా ఓటర్ల ముందుకు 187వ ప్రతిపాదన వచ్చింది. ఆరెంజ్ కౌంటీలో కొందరు పౌరులు కూడబలుక్కుని మొదలుపెట్టిన సంతకాల సేకరణ రాష్ట్రమంతా పాకింది. రాష్ట్రం అప్పుడు కష్టాల్లో ఉంది. ప్రచ్ఛన్నయుద్ధం ముగిసి రక్షణ కర్మాగారాలు మూతపడ్డాయి, ఉద్యోగాలు పోయాయి, బడ్జెట్‌లో గండి పడింది. కాగితాల్లేనివాళ్లకు ప్రభుత్వ బడి, అత్యవసరం కాని వైద్యం, ఇతర సేవలు నిలిపివేయాలని ఆ ప్రతిపాదన కోరింది. పిల్లవాడికి కాగితాలున్నాయో లేవో బడివాళ్లు కనుక్కోవాలి. అనుమానం వస్తే పై అధికారులకు తెలియజేయాలి. 59 శాతం మంది అవునన్నారు. దాని మీద స్వారీ చేసిన గవర్నర్ పీట్ విల్సన్ మళ్లీ గెలిచారు.

మాష్టారి పద్ధతిలో ఈ ప్రతిపాదన పాఠం చదివి చూడండి. పిల్లవాడి బడి ఉంది, గర్భిణి ఆస్పత్రి ఉంది, నకిలీ కాగితం తయారుచేసినవాడికి, చూపించినవాడికి శిక్ష ఉంది. వాళ్లను పనిలో పెట్టుకున్న యజమానికి శిక్ష లేదు. ఇంకొంచెం వెనక్కి వెళ్లండి. ఇదే పీట్ విల్సన్ 1985లో సెనేటర్‌గా ఉన్నప్పుడు, కోతల కాలంలో విదేశీ కూలీలను రప్పించుకోవడానికి భూస్వాములకు వీలిచ్చే సవరణను సెనేట్‌లో నెగ్గించారు. పని కావలసినప్పుడు తండ్రిని పిలిచి, ఖర్చు కనబడినప్పుడు కొడుకును బడి నుంచి పంపించమంటే దాన్ని చట్టపాలన అని నేను అనలేను.

ఆ ప్రతిపాదన అమలు కాలేదు. కాగితాల్లేని పిల్లలకు కూడా బడిలో చోటివ్వాలని సుప్రీంకోర్టు 1982లోనే తీర్పు చెప్పి ఉంది. ఫెడరల్ న్యాయమూర్తి మరియానా ఫెల్జర్ చాలా భాగాన్ని కొట్టివేశారు. 1999లో కొత్త గవర్నర్ అప్పీలు వదులుకున్నారు. కాని ఆ ఎన్నిక కాలిఫోర్నియాను మార్చేసింది. అప్పటిదాకా పౌరసత్వం గురించి పెద్దగా పట్టించుకోని మెక్సికన్ కుటుంబాలు పౌరసత్వం తీసుకుని ఓటర్లుగా నమోదయ్యాయి. నిక్సన్‌నూ రీగన్‌నూ దేశానికిచ్చిన ఆ రాష్ట్రంలో రిపబ్లికన్ పార్టీ క్రమంగా చిక్కిపోయింది.

అదే 1994లో శాన్ డియాగో దగ్గర ప్రభుత్వం ఆపరేషన్ గేట్‌కీపర్ మొదలుపెట్టింది. అంతకు ముందు ఏడాది ఎల్ పాసోలో ఇలాంటిదే పెట్టారు. పట్టణాల దగ్గర కాపలా బిగిసేసరికి దాటేవాళ్ల దారి తూర్పుకు, అరిజోనా ఎడారిలోకి మళ్లింది. ఎండదెబ్బకూ దాహానికీ మనుషులు చచ్చిపోవడం ఏటా జరిగే సంగతైపోయింది. అక్కడి పశువుల రైతులకు కొత్త రకం తెల్లవారడం మొదలైంది. తెగిన కంచెలు, వదిలేసిన నీళ్ల సీసాలు, పొలంలో శవాలు, రాత్రిళ్లు సామాను మోసుకెళ్లే స్మగ్లర్లు. వాషింగ్టన్‌కు ఎన్ని ఉత్తరాలు రాసినా పలికేవాడు లేడు. 2010 మార్చిలో కొచీస్ కౌంటీలో పేరున్న ఒక రైతు తన భూమిలోనే హత్యకు గురయ్యాడు. ఆ ప్రాంతం వాళ్ల కోపాన్ని దూరం నుంచి తక్కువ చేసి మాట్లాడటం నాకు సమ్మతం కాదు.

ఆ కోపంలోంచే 2005 ఏప్రిల్‌లో మినిట్‌మెన్ వచ్చారు. వియత్నాంలో పోరాడి తర్వాత అకౌంటెంటుగా రిటైరైన జిమ్ గిల్‌క్రిస్ట్, టూంబ్‌స్టోన్ ఊళ్లో చిన్న పత్రిక నడిపే క్రిస్ సిమ్‌కాక్స్ పిలుపిస్తే కొన్ని వందల మంది దేశం నలుమూలల నుంచి వచ్చారు. మడత కుర్చీలు వేసుకుని, బైనాక్యులర్లు పట్టుకుని సరిహద్దు వెంబడి కూర్చున్నారు. ఎవరైనా దాటితే బోర్డర్ పెట్రోల్‌కు ఫోన్ చేశారు. వాళ్లకంటే విలేకరులే ఎక్కువున్నారని కొందరన్నారు. ప్రభుత్వం పని ప్రభుత్వం చేయడం లేదని చూపించడమే వాళ్ల ఉద్దేశమైతే అది నెరవేరింది. అధ్యక్షుడు జార్జ్ బుష్ తన పార్టీకే ఓటేసే ఆ మనుషులను చట్టాన్ని చేతుల్లోకి తీసుకునేవాళ్లని అన్నారు. ఆ మాట వాళ్లను చాలా గాయపరిచింది.

బుష్ భయం పూర్తిగా అబద్ధం కాలేదు. మినిట్‌మెన్ చీలికలు పేలికలైంది. దాని నుంచి వెళ్లగొట్టబడిన ఒక మహిళ సొంత ముఠా కట్టి, 2009 మే చివర్లో అరివాకా అనే పల్లెలో దోపిడీ కోసం ఒక ఇంట్లో జొరబడింది. తండ్రినీ తొమ్మిదేళ్ల కూతురినీ కాల్చి చంపారు. ఆ పిల్ల అమెరికాలోనే పుట్టిన అమెరికా పౌరురాలు. ఆ మహిళకు మరణశిక్ష పడింది. మడత కుర్చీల్లో కూర్చున్న వందల మందికి ఈ నేరం అంటగట్టడం అన్యాయం. అయితే కాపలా పనిని జనం చేతికి వదిలేస్తే అందులోకి ఎవరు చేరతారో ఏ నాయకుడూ అదుపు చేయలేడని అరివాకా చూపించింది.

ఈ ఉద్యమం చేసిన పనుల్లో నేను మనస్ఫూర్తిగా మెచ్చుకునేది 2007 వేసవి. అధ్యక్షుడు బుష్, టెడ్ కెనెడీ, జాన్ మెకెయిన్, వాణిజ్య మండళ్లు, పెద్ద పత్రికల సంపాదకీయాలు అన్నీ ఒక పక్క. కాగితాల్లేనివాళ్లకు చట్టబద్ధత, బదులుగా సరిహద్దు బందోబస్తు అనే సమగ్ర బిల్లు సెనేట్ ముందు ఉంది. రెండో పక్క నంబర్స్ యుఎస్ఏ పంపిన ఫ్యాక్సులు, రేడియో వ్యాఖ్యాతలు, ఫోన్ పట్టుకున్న జనం. జూన్ 28న ఓటింగుకు ముందు సెనేట్ ఫోన్ ఎక్స్ఛేంజి ఆ తాకిడికి మొరాయించింది. చర్చ ముగించడానికి 60 ఓట్లు కావాలి, 46 వచ్చాయి. బిల్లు పోయింది. ఆ బిల్లు మంచిదా చెడ్డదా అన్న దాంట్లో మనకు వేర్వేరు అభిప్రాయాలుండొచ్చు. డబ్బూ పదవీ ఉన్నవాళ్లందరూ ఒక మాట అనుకున్నాక, మామూలు ఓటరు ఫోన్ ఎత్తి దాన్ని ఆపగలగడం ప్రజాస్వామ్యానికి ఆరోగ్య లక్షణం. వాళ్లు ఎవరినీ కొట్టలేదు, బస్సు తగలబెట్టలేదు. 1986ను గుర్తుచేశారు, అంతే.

అరిజోనా దగ్గర మళ్లీ ఆగాలి. అక్కడ యజమానిని పట్టుకునే ప్రయత్నం నిజంగానే జరిగింది. 2007లో ఆ రాష్ట్రం ఒక చట్టం చేసింది. ప్రతి యజమానీ ఉద్యోగి వివరాలు ఈ-వెరిఫై అనే ప్రభుత్వ కంప్యూటర్ వ్యవస్థలో సరిచూడాలి. తెలిసి కాగితాల్లేనివాళ్లను పెట్టుకుంటే మొదటిసారి వ్యాపార లైసెన్సు సస్పెన్షన్, రెండోసారి రద్దు. దీన్ని తెచ్చినవాడు రస్సెల్ పియర్స్ అనే కరడుగట్టిన రిపబ్లికన్, సంతకం చేసినావిడ డెమొక్రాట్ గవర్నర్. కోర్టుకెక్కింది ఎవరు? అమెరికా వాణిజ్య మండలి. 2011లో సుప్రీంకోర్టు రాష్ట్రం పక్షానే తీర్పిచ్చింది. ఆ తర్వాత లైసెన్సు పోగొట్టుకున్న యజమానులను వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. ఫీనిక్స్ ఉన్న మారికోపా కౌంటీలో షెరీఫ్ జో ఆర్పాయో మనుషులు హోటళ్ల మీద, కార్ వాష్‌ల మీద పడి, మరొకరి నంబరుతో పనిచేస్తున్నారన్న నేరం కింద వందల మంది కూలీలను జైల్లో పెట్టారు. మూడో ప్రశ్నకు ఇంతకంటే సూటి జవాబు నాకు దొరకలేదు.

2010లో అదే పియర్స్ తెచ్చిన ఎస్‌బీ 1070 మాత్రం ప్రపంచమంతా తెలిసింది. వేరే కారణానికి ఆపిన మనిషి కాగితాల్లేనివాడని సహేతుకమైన అనుమానం వస్తే పోలీసు అడగాలి. సుప్రీంకోర్టు 2012లో మూడు నిబంధనలు కొట్టేసి, ఈ ఒక్కదాన్ని అప్పటికి నిలిపింది. ముఖం చూసి కాక మరి దేన్ని చూసి అనుమానం వస్తుందన్న ప్రశ్నకు ఆ చట్టాన్ని సమర్థించినవాళ్లు నన్ను ఒప్పించే సమాధానం ఇవ్వలేదు.

తర్వాతి పదేళ్లు మీకు తెలిసినవే, త్వరగా దాటేస్తాను. 2013లో మరో సమగ్ర బిల్లు సెనేట్‌లో 68-32తో నెగ్గింది, ప్రతినిధుల సభ దాన్ని ముట్టుకోలేదు. 2014 జూన్‌లో ఆ సభలో రిపబ్లికన్ల రెండో పెద్ద నాయకుడు ఎరిక్ కాంటర్ సొంత పార్టీ ప్రైమరీలో డేవ్ బ్రాట్ అనే అర్థశాస్త్ర ఆచార్యుడి చేతిలో ఓడిపోయాడు. ట్రంప్ ఆ ఫలితం చదువుకుని వచ్చినవాడే. 2022లో టెక్సస్ గవర్నర్ గ్రెగ్ అబాట్ సరిహద్దు దాటి వచ్చినవాళ్లను బస్సులెక్కించి వాషింగ్టన్, న్యూయార్క్, షికాగోలకు పంపాడు. మనుషులను పావుల్లా వాడుకున్న ఆ పద్ధతి నాకు నచ్చదు. సరిహద్దు ఊళ్ల భారం ఎలాంటిదో దూరపు నగరాలకు అంతకంటే వేగంగా అర్థం చేయించిన పని మరొకటి లేదని కూడా ఒప్పుకోవాలి. 2023 డిసెంబర్ ఒక్క నెలలో దక్షిణ సరిహద్దులో బోర్డర్ పెట్రోల్ చేతికి చిక్కినవాళ్లు దాదాపు 2.5 లక్షలు. 2025 ఫిబ్రవరిలో సుమారు 8 వేలు. సరిహద్దు వరకు ఉద్యమం గెలిచింది.

2023 మేలో రిపబ్లికన్లు ప్రతినిధుల సభలో 219-213తో నెగ్గించిన సరిహద్దు బిల్లులో ఈ-వెరిఫై అందరికీ తప్పనిసరి. వ్యవసాయ యజమానులకు మాత్రం ఎక్కువ గడువిచ్చారు. సెనేట్ అప్పుడు డెమొక్రాట్లది, బిల్లు అక్కడే ఆగింది. 2025 జూలై 4న ట్రంప్ సంతకం చేసిన భారీ చట్టం నాటికి రెండు సభలూ, అధ్యక్ష పీఠమూ రిపబ్లికన్లవే. గోడకు 4,650 కోట్ల డాలర్లు, నిర్బంధ కేంద్రాలకు 4,500 కోట్ల డాలర్లు ఇచ్చారు. ఈ-వెరిఫైని తప్పనిసరి చేసే నిబంధన అందులో లేదు. అంతకు మూడు వారాల ముందు, జూన్ 12న, మంచి పనివాళ్లు పోతున్నారని రైతులూ హోటళ్లవాళ్లూ మొరపెట్టుకుంటున్నారని ట్రంప్ స్వయంగా రాశారు. వెంటనే పొలాలు, హోటళ్లు, రెస్టారెంట్లలో సోదాలు ఆపమని అధికారులకు ఆదేశాలు వెళ్లాయి. వారం తిరక్కుండా వాటిని వెనక్కి తీసుకున్నారు. ఉద్యమంలోని నిజాయితీపరులు, జోర్డన్ నివేదిక చదివినవాళ్లు, ఇప్పటికీ ఈ-వెరిఫై అడుగుతూనే ఉన్నారు. వాళ్ల మీద నాకు గౌరవం ఉంది. వాళ్ల మాట వాళ్ల పార్టీలోనే చెల్లడం లేదు.

మన దగ్గరికి వస్తాను. 2018లో తెలుగు పత్రికలన్నీ ఒక వార్తను సంబరంగా వేశాయి. 2010 నుంచి 2017 వరకు అమెరికాలో అత్యంత వేగంగా పెరిగిన భాష తెలుగు, 86 శాతం అని. ఆ లెక్క కట్టింది సెంటర్ ఫర్ ఇమిగ్రేషన్ స్టడీస్. వలస తగ్గించాలని వాదించే సంస్థ అది. మనం పండగ చేసుకున్న అంకెను వాళ్లు హెచ్చరికగా అచ్చువేశారు.

అమెరికాలో ఉన్న తెలుగువాళ్లలో ఈ ఉద్యమం పట్ల సానుభూతి ఉన్నవాళ్లు తక్కువేమీ కాదు. కారణం అర్థమవుతుంది. ఏ ఒక్క దేశానికీ ఏడు శాతం మించి గ్రీన్ కార్డులు ఇవ్వకూడదన్న పరిమితి వల్ల మనవాళ్లు ఏళ్లకేళ్లు వరసలో నిలబడి ఉన్నారు. పన్నులు కడుతూ, పిల్లలకు ఇరవై ఒకటి నిండితే వాళ్ల హోదా ఏమవుతుందోనని లెక్కలు వేసుకుంటూ. వరస తప్పి వచ్చినవాడికి చట్టబద్ధత ఇస్తామంటే కడుపు మండుతుంది. కాని ఆ పరిమితి ఎత్తేసే బిల్లు 2019లో ప్రతినిధుల సభలో 365 ఓట్లతో నెగ్గినప్పుడు, వద్దని గట్టిగా పోరాడిన సంస్థల్లో నంబర్స్ యుఎస్ఏ ఒకటి. ఆ సంస్థ దృష్టిలో అక్రమ వలస ఒక సమస్య, మొత్తం సంఖ్య మరో సమస్య. వరసలో బుద్ధిగా నిలబడ్డామన్నది రెండో సమస్యకు జవాబు కాదు. వాళ్లు దీన్ని ఎన్నడూ దాచలేదు. మనమే సరిగా చదవలేదు.

2017 ఫిబ్రవరిలో కేన్సస్ రాష్ట్రం ఓలేతలో ఒక బారులో కూర్చున్న ఇద్దరు తెలుగు ఇంజనీర్ల దగ్గరికి వచ్చి, మీది ఏ వీసా అని ఒక తెల్లాయన అడిగాడు. తర్వాత తుపాకీ తెచ్చి కాల్చాడు. ఒకరు చనిపోయారు. ఇద్దరూ చట్టప్రకారం ఉన్నవాళ్లే. ఏ సంస్థా ఆ హంతకుణ్ని పంపలేదు. కాని కాగితాల గురించిన ప్రశ్న అధికారి నోటి నుంచి బారులో పక్క బల్ల దాకా వచ్చేసిన వాతావరణం ఒక్క రోజులో తయారు కాలేదు.

చట్టం తప్పినవాళ్లలో మనవాళ్లు లేరని కూడా చెప్పలేను. 2025 ఫిబ్రవరి 5న సంకెళ్లతో అమృత్‌సర్‌లో దిగిన 104 మందిలో హర్యానా, గుజరాత్, పంజాబ్ వాళ్లే దాదాపు అందరూ. తెలుగువాళ్లు లేరని మనం ఊపిరి పీల్చుకున్నాం. మన దారి వేరు. మనం కంచె దూకం, వీసా స్టాంపుతో విమానం దిగుతాం. 2011 జనవరిలో కాలిఫోర్నియాలోని ట్రైవ్యాలీ యూనివర్సిటీ మీద దాడి జరిగినప్పుడు అక్కడ పేరు రాయించుకున్న సుమారు 1,500 మందిలో ఎక్కువమంది ఆంధ్రప్రదేశ్ విద్యార్థులు. కాళ్లకు రేడియో పట్టీలు కట్టిన ఫొటోలు మనకింకా గుర్తున్నాయి. నడిపినావిడకు పదహారేళ్ల జైలు పడింది. 2019లో బయటపడ్డ మిచిగన్‌లోని ఫార్మింగ్టన్ యూనివర్సిటీ సాక్షాత్తూ వలస అధికారులు వల పన్ని పెట్టినది. క్లాసులు లేవు, పంతుళ్లు లేరు. చేరినవాళ్లలో అధికశాతం తెలుగు పిల్లలు. ప్రభుత్వమే బూటకపు కాలేజీ పెట్టి ఫీజులు వసూలు చేయడాన్ని నేను ఏ కోశానా సమర్థించను. అయితే క్లాసుల్లేని కాలేజీలో పిల్లలు ఎందుకు చేరారో మన ఇళ్లలో నిజంగా తెలియదా? చదువు పేరు మీద పనిచేసుకునే కాగితం దొరుకుతుందని చేరారు.

ఆ పని ఇచ్చేదెవరన్న ప్రశ్నతో మళ్లీ నా మొదటి మాటకే వచ్చాను. ఎఫ్-1 వీసా మీద వెళ్లిన మన పిల్లలు క్యాంపస్ బయట పెట్రోలు బంకులో, మోటెల్‌లో, ఇండియన్ రెస్టారెంటులో రాత్రి షిఫ్టు చేస్తారు. జీతం చేతికే, నగదుగా, చాలాచోట్ల కనీస వేతనం కంటే తక్కువ. ఐ-9 ఫారం ఊసుండదు. యజమాని చాలాసార్లు మన దేశం వాడే, ఎన్నోసార్లు మన జిల్లా వాడే. ఆదివారం గుడి కమిటీలో కూర్చుంటాడు, తెలుగు సంఘానికి చందా రాస్తాడు. కాలిఫోర్నియా భూస్వామి మెక్సికో కూలీతో చేసిన పనే ఈయన మన పిల్లవాడితో చేస్తున్నాడు. 2025 మొదట్లో సోదాల భయానికి చాలామంది విద్యార్థులు ఆ పనులు మానేశారని మన పత్రికలు రాశాయి. ఆ పనులు ఇచ్చినవాళ్ల గురించి నేను చదివిన కథనాల్లో ఒక్క వాక్యం లేదు.

ఈ వేసవిలో వీసా ఇంటర్వ్యూకు పిల్లల్ని పంపుతున్న తల్లిదండ్రులు ఇక్కడ చాలామంది ఉన్నారు. మీకు ఈ ఒక్క సంగతి వివరంగా చెప్పి కూర్చుంటాను. అనుమతి లేని పని బయటపడితే ప్రభుత్వ విద్యార్థి రికార్డుల్లో మీ పిల్లవాడి హోదా రద్దవుతుంది. దేశం విడిచి రావాలి, మళ్లీ వీసా అడిగినప్పుడు ఆ రికార్డు ముందుకొస్తుంది, చదువుకు తెచ్చిన బ్యాంకు అప్పు మీ పేరున మిగులుతుంది. పని ఇచ్చిన పెద్దమనిషికి మామూలుగా పడేది జరిమానా. అది కట్టి మర్నాడు బంకు తెరుస్తాడు. ఆ షిఫ్టుకు ఇంకో తెలుగు కుర్రాణ్ని పెట్టుకుంటాడు.